పాప నిద్ర లేచేలోపు

మా పాప 2021 సెప్టెంబరులో పుట్టింది. అప్పటికి నేను విజయవాడలో ఒక చిన్న ఆడిటింగ్ ఆఫీసులో జమాఖర్చులు రాసే పనిలో ఉన్నాను. యజమానితో కలిపి మొత్తం ఆరుగురం. ప్రసూతి సెలవుల చట్టం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట్లకే వర్తిస్తుందని, జీతంతో 26 వారాల సెలవు అనేది నాలాంటి వాళ్లు పేపర్లో చదువుకోవడానికేనని ఏడో నెల వచ్చాక తెలిసింది. ఇతరుల ఖాతాల్లో చట్టాలన్నీ చూసేదాన్ని, నాకు సంబంధించిన చట్టాన్ని మాత్రం చూసుకోలేదు.

“పాపకు ఏడాది నిండనీయమ్మా, అప్పుడు చూద్దాం” అన్నారు సార్. మంచాయనే. కానీ ‘చూద్దాం’ అన్న మాటతో నెల గడవదు కదా. మా ఆయన జీతంలో అద్దె, మామయ్యగారి మందులు, బండి వాయిదా పోగా మిగిలేది పాపకు డైపర్లు కొనాలా వద్దా అని ఆలోచించుకునేంత. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. పాపను కూర్చుని ఆడించగలరు గానీ ఎత్తుకుని తిప్పలేరు. మా అమ్మ ఉండేది కందుకూరులో. ఇంటి నుంచే నెలకు ఐదు వేలు వస్తే చాలనుకున్నాను. ఆ ఐదు వేలు మొదటిసారి చేతికి రావడానికి ఏడాదికి పైగా పట్టింది.

పాప ఏడో నెలలో ఉండగా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. ఇంటి నుంచే డేటా ఎంట్రీ, రోజుకు రెండు గంటలు, నెలకు 15,000. కంప్యూటర్ మీద వేళ్లు పరుగెత్తే మనిషిని, ఇంతకంటే ఏం కావాలి? రిజిస్ట్రేషన్ పేరుతో 2,200 కట్టమన్నారు. కట్టాను. మసకమసకగా ఉన్న పేజీల బొమ్మలు పంపించి, పది రోజుల్లో 500 పేజీలు టైపు చేయాలని, వందకు తొంభై పాళ్లు సరిగా లేకపోతే చెల్లింపు ఉండదని చెప్పారు. పాపను ఒళ్లో వేసుకుని, ఒక చేత్తో జోకొడుతూ ఇంకో చేత్తో టైపు చేసేదాన్ని. రాత్రి ఒంటిగంట, రెండు అయ్యేది. పదో రోజు పని అప్పజెప్పాను. మీ పనిలో తప్పులు ఎక్కువగా ఉన్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు, 5,800 కట్టకపోతే కోర్టుకు వెళ్తాం అంటూ వకీలు ముద్ర ఉన్న కాగితం ఫొటో వచ్చింది.

రెండు రోజులు అన్నం సహించలేదు. ఇంట్లో చెప్పలేదు. చివరికి నా ముఖం చూసి మా మరిది అడిగాడు. చెబితే నవ్వాడు, ఆ నవ్వు ఇప్పటికీ గుర్తే.

“పని ఇచ్చేవాడు మనకు డబ్బు ఇవ్వాలి గానీ, మన దగ్గర తీసుకోవడమేమిటి వదినా?”

రోజంతా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టిన దానికి ఈ చిన్న విషయం తట్టలేదు. ఆ నంబరును బ్లాక్ చేసి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాడు. డబ్బు వెనక్కి రాలేదు. కోర్టు నోటీసూ రాలేదు. ఎవరికైనా ఇలాంటి కాగితం వస్తే భయపడకండి, ఒక్క రూపాయి కూడా కట్టకండి. డబ్బు పోయిన వెంటనే, గంటల్లోనే 1930కి ఫోన్ చేస్తే ఆపే వీలుంటుంది. నేను చేసింది రెండు వారాల తర్వాత.

తర్వాత ఆవకాయ. మే నెల. మా అమ్మ చేతి ఆవకాయకు మా ఆయన ఆఫీసులో మంచి పేరుంది. కొలతలు నాకూ వచ్చు. అమ్మకానికి పెట్టేటప్పుడు ఆహార భద్రతా శాఖలో నమోదు చేసుకోవాలని తెలుసు. అప్పట్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మే చిన్నవాళ్లకు రుసుము 100 రూపాయలే. ఆ పద్నాలుగు అంకెల నంబరు చేతికొచ్చినప్పుడు నేనేదో ఫ్యాక్టరీ పెట్టినట్టు పొంగిపోయాను. పది కిలోల కాయ కొట్టించి తెచ్చాం. ముక్కల్లో జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచాను. అంతవరకు పాప అత్తయ్య ముందు కూర్చుని గరిటెతో ఆడుకుంటూనే ఉంది.

కారం, ఆవపిండి, ఉప్పు కలిపి, నూనె పోసి, మోచేతుల దాకా చేతులు పెట్టి కలుపుతున్న సమయంలో పాప పడింది. పెద్ద దెబ్బ కాదు, పెదవి చిట్లింది. అత్తయ్య లేవలేకపోతున్నారు. నేను లేచి పరుగెత్తాను. పాప నా వైపు చేతులు చాపింది. నా రెండు చేతులూ గుంటూరు కారం. ముట్టుకోవడానికి లేదు. మోచేతుల పైభాగంతో పాపను ఛాతీకి అదిమి పెట్టుకుని, కుళాయి దగ్గరికి వెళ్లి, గడ్డంతో కుళాయి తిప్పడానికి ప్రయత్నించాను. చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగినా మంట పోలేదు. ఆ చేత్తోనే పాప ముఖం తుడవాలి. చీర కొంగు తడిపి పళ్లతో పట్టుకుని ఎలా తుడిచానో నాకే తెలియదు.

ఆ బేసిన్‌లో ఆవకాయ మధ్యాహ్నం దాకా సగం కలిపి అలాగే ఉండిపోయింది. ఎక్కడో తడి తగిలింది. పది రోజులకు మూడు జాడీల్లో ఒకటి బూజు పట్టింది. మిగిలినవి అమ్మాను. ఒక పార్సిల్‌లో నూనె కారి పక్కవాళ్ల బట్టల పార్సిల్ పాడైందని కొరియరు కుర్రాడు ఇంటికొచ్చి గొడవ పెట్టుకున్నాడు. అన్నీ పోను మిగిలింది 600 చిల్లర.

ట్యూషన్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సాయంత్రం ఐదింటికి ఐదుగురు పిల్లలు వచ్చేవాళ్లు. సరిగ్గా ఐదింటికే మా పాప చిరాకు మొదలయ్యేది. నేను లెక్క చెబుతుంటే పాప ఏడుపు, పాపను ఊరుకోబెడుతుంటే పిల్లల గోల. రెండో నెలలో ఒక తల్లి వచ్చి, “మీకు ఇబ్బందిగా ఉన్నట్టుందండీ” అని ఎంతో మర్యాదగా మాన్పించింది. మిగిలినవాళ్లూ మానేశారు.

ఆ రాత్రి నాకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాను. నోట్‌బుక్ తీసి గీతలు గీసి ఖాతా తెరిచాను. డబ్బుకు కాదు, పాప నిద్రకు. వారం రోజులు రాశాను. ఉదయం 10:40 నుంచి 11:25. మధ్యాహ్నం 2:10 నుంచి 3 దాకా, ఒక్కోరోజు 2:35కే లేచేది. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటే పన్నెండు లోపు రెండుసార్లు లేచేది. అన్నీ కలిపితే రోజుకు మూడున్నర గంటలు. చూడటానికి బాగానే ఉంది. కానీ అందులో గంట పాటు తెగకుండా ఉన్న ముక్క ఒక్కటీ లేదు. నేను ఇన్నాళ్లూ ఎంచుకున్న పనులన్నీ తెగని సమయాన్ని అడిగేవే. అందుకే అవి నిలబడలేదు, నాకు చేతకాక కాదు. అప్పటి నుంచి ఎవరు ఏ పని గురించి చెప్పినా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: మధ్యలో వదిలేసి లేస్తే ఏమవుతుంది? ఆవకాయ అయితే బూజు పడుతుంది. ట్యూషన్ అయితే ఐదుగురు తల్లులకు సమాధానం చెప్పుకోవాలి.

దసరాకు ముందు కింది వాటాలోని పిన్నిగారు చీర ఒకటి పట్టుకొచ్చారు. “దర్జీ దగ్గర కుప్ప పడి ఉన్నాయట అమ్మాయీ, దసరా అయ్యాక ఇస్తానంటున్నాడు. నీకు ఫాల్ కుట్టడం వచ్చా?” వచ్చు. పెళ్లికాక ముందు మా చీరలన్నిటికీ నేనే కుట్టేదాన్ని. ఆ చీర రెండు రోజుల్లో, పదకొండు విడతల్లో కుట్టాను. లెక్క రాసుకున్నాను కాబట్టి తెలుసు. పాప ఏడిస్తే సూది బట్టలోనే గుచ్చి లేచేదాన్ని. తిరిగి వచ్చేసరికి సూది వదిలిన చోటే ఉండేది. బూజు పట్టలేదు, నోటీసు పంపలేదు.

ఫాల్ కుట్టడం అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ, డబ్బు తీసుకుని కుట్టేటప్పుడు సంగతి వేరు. ఫాల్ గుడ్డను ముందు రాత్రే నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకులోనే ఫాల్ ముడుచుకుపోయి కుచ్చిళ్ల దగ్గర చీర గుంజుకుపోతుంది. చీర లోపలి చివర నుంచి జానెడు వదిలి, అంచుకు సమానంగా పరిచి, ముందు పొడుగు టాకాలు వేసుకోవాలి. పై వరుస హెమ్మింగులో సూది చీర పోగుల్లో ఒక్క పోగునే అందుకోవాలి. రెండు పోగులు అందితే ముందు వైపు చుక్కలు కనబడతాయి. దారం లాగి కుడితే ముడతలు వస్తాయి. ఇదంతా చప్పుడు లేని పని. పాపను ఒడిలో పడుకోబెట్టుకుని, కాళ్లు చాపి, చీరను పక్కకు జార్చుకుని కుట్టేదాన్ని.

మా వీధి మలుపులో దర్జీ మాస్టారిది చిన్న దుకాణం. పిన్నిగారి చీర చూసి ఆయనే కబురు పంపారు. ఆయనకు మిషను మీద కుట్టే మనుషులున్నారు, చేతిపని చేసేవాళ్లు దొరకడం లేదు. జాకెట్లకు హెమ్మింగు, హుక్సులు, కాజాలు. జాకెట్టుకు 15 రూపాయలు, ఫాల్‌కు 40. తక్కువే. కానీ రోజూ సాయంత్రం కుర్రాడు వచ్చి సంచి ఇచ్చి, పూర్తయినవి పట్టుకెళ్లేవాడు. నేను గడప దాటక్కర్లేదు. ఎన్ని కుడితే అన్ని. మొదటి నెల, అక్టోబరు 2022, వచ్చింది 1,140 రూపాయలు. డైపర్ల ఖర్చు గట్టెక్కింది.

తప్పులు చేయలేదా అంటే చేశాను. ఒక కంచిపట్టు చీరకు ఒకవైపు పెద్ద అంచు, రెండోవైపు చిన్న అంచు. రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో చిన్న అంచు వైపు ఫాల్ కుట్టేశాను. పెళ్లికూతురి తల్లి చీర. తెల్లవారి చూసుకుంటే కాళ్లలో వణుకు. విప్పాను. విప్పిన చోటల్లా పట్టు మీద సూది రంధ్రాలు బారులు తీరి కనిపించాయి. మాస్టారి దగ్గరకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. పైన పల్చటి నూలు గుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టె ఆనించి తీసి, వెచ్చగా ఉండగానే బొటనవేలి గోటితో మెల్లగా అటూ ఇటూ రుద్దారు. పోగులు జరిగి రంధ్రాలు మూసుకున్నాయి. “దాచిపెట్టి ఉంటే ఈ సంచి మళ్లీ నీ ఇంటికి వచ్చేది కాదమ్మా” అన్నారు.

అంతకంటే భయపెట్టింది సూది. అప్పటికి పాప అడుగులు వేస్తోంది, నేల మీద ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటోంది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. డబ్బాలో ఐదే సూదులు. లేచే ముందు లెక్క, పడుకునే ముందు లెక్క. ఒక రాత్రి నాలుగే ఉన్నాయి. మా ఆయన్ను లేపాను. మంచం జరిపాం, చాప దులిపాం, పాత స్పీకరులోని అయస్కాంతం తీసి దారం కట్టి ఇల్లంతా నేల మీద లాగాం. పాప నోట్లో వేలు పెట్టి చూశాను, పాపం నిద్రలోనే ఏడ్చింది. మూడు గంటలకు మా ఆయన నా భుజం వైపు చూసి, “అదేమిటి?” అన్నారు. నా కొంగుకే గుచ్చుకుని ఉంది. ఇద్దరం నవ్వలేదు. మర్నాడే సంచి, సూదులు, కత్తెర అన్నిటినీ బీరువా పైఅరకు మార్చేశాను. దించుకోవడానికి ప్రతిసారీ రెండు నిమిషాలు పోతాయి. పోతే పోయాయి.

2023 ఫిబ్రవరిలో 4,500 పెట్టి పాత మిషను ఒకటి కొన్నాను. అప్పుడు ఎదురైన ఇబ్బంది చప్పుడు. చేతిపనికి పాప లేవదు, మిషను తొక్కగానే లేస్తుంది. బాల్కనీలో పెట్టి కాళ్ల కింద పాత బొంత నాలుగు మడతలు వేశాను. కొంత తగ్గింది. పని కూడా రెండుగా విడదీసుకున్నాను. పాప మెలకువగా ఉండి అత్తయ్య దగ్గర ఆడుకునేటప్పుడు మిషను, నిద్రపోయేటప్పుడు చేతిపని.

కటింగ్ నేర్చుకోవడానికి ఎక్కడికీ వెళ్లలేదు, వెళ్లడానికి కుదరక. నాకు సరిగ్గా అమరిన పాత జాకెట్టు ఒకదాన్ని కుట్టు విప్పి, ముక్కలు ఇస్త్రీ చేసి, పేపరు మీద పరిచి గీసుకున్నాను. ముందు భాగం, వీపు, పట్టీ, చేతులు. చంక వంపు దగ్గరే ఒడుపు ఉంది. అక్కడ పావు అంగుళం తేడా వస్తే చెయ్యి పైకి ఎత్తినప్పుడు జాకెట్టు మొత్తం లేచొస్తుంది. మొదట కుట్టిన జాకెట్టుకు రెండు చేతులూ ఎడమ చేతులే వచ్చాయి. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. కొలతకు ఇచ్చే ఆది జాకెట్టు లేకుండా టేపుతో కొలిచి కుట్టే ధైర్యం రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

అప్పటికే వీధిలో వాళ్లు నేరుగా నా దగ్గరకే రావడం మొదలైంది. మాస్టారికి ముందే చెప్పాను, ఆయన దుకాణం మనుషులను నేను తీసుకోనని. బేరాలు మాత్రం విచిత్రంగా ఉండేవి. దుకాణంలో లైనింగ్ జాకెట్టుకు 450 నోరెత్తకుండా ఇచ్చే ఆవిడ, నా 350 దగ్గర ఆగిపోయేది. “ఇంట్లోనే కదా అమ్మా కుడతావు, నీకు దుకాణం అద్దె ఏముంది?” మొదట్లో తగ్గించేదాన్ని. తర్వాత వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్‌కు వెళ్లి లైనింగ్, ఫాల్ గుడ్డలు, హుక్సులు, దారం టోకున కొని, ఒక్కో జాకెట్టుకు సరుకు ఎంత, ఎన్ని నిమిషాలు అని ఖాతాలో రాశాను. తగ్గించినప్పుడల్లా గంటకు 40 రూపాయలకు పనిచేస్తున్నానని తేలింది. ఆ కాగితం చూశాక బేరానికి నవ్వి ఊరుకోవడం అలవాటైంది. అడిగినవాళ్లలో సగం మంది ఆ నవ్వుకే ఒప్పుకున్నారు, మిగిలినవాళ్లు వేరేచోట ఇచ్చుకున్నారు.

ఈ పనిలో నాకు బాగా ఆలస్యంగా తెలిసింది పంచాంగం విలువ. 2023లో శ్రావణం వస్తోంది కదా అని జూన్‌లోనే 6,000 పెట్టి లైనింగులు తెచ్చి పెట్టుకున్నాను. తీరా చూస్తే జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం. పెళ్లిళ్లు లేవు, వ్రతాలు లేవు, జాకెట్లూ లేవు. ఆ వెంటనే నిజ శ్రావణం, ఆగస్టు 25న వరలక్ష్మీ వ్రతం. వారం రోజుల్లో పాతిక జాకెట్లు వచ్చి పడ్డాయి. అందులో తొమ్మిది తిప్పి పంపాను, చేతులు జోడించి. 2024లో మే, జూన్ రెండు నెలలూ మూఢం. ఎండాకాలం పెళ్లిళ్ల మీద ఆశ పెట్టుకున్నవాళ్లందరికీ అదే దెబ్బ. నా మే నెల రాబడి 2,300. ఆగస్టుది 14,600. ఇప్పుడు ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ముందు చూసేది నా రాశిఫలం కాదు, ముహూర్తాల పట్టిక. లావు నెలలో వచ్చినదాంట్లో మూడో వంతు పక్కన పెట్టి, ఖాళీ నెలలో నాకు నేనే జీతం ఇచ్చుకుంటున్నాను.

కాగితాల విషయం ఒకటి. చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు చేయిస్తానని ఒకాయన 1,500 అడిగాడు. ప్రభుత్వ సైటులో ఆధార్‌తో ఉచితంగానే అయిపోతుంది. నేనే చేసుకున్నాను, పావుగంట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని పద్దెనిమిది వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. పరికరాలకు 15,000 దాకా ఇస్తారు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 భత్యం. కానీ ఆ శిక్షణకు వరుసగా ఐదారు రోజులు వెళ్లాలి. అప్పుడు పాపకు రెండేళ్లు. ఎవరి దగ్గర వదలాలో తెలియక దరఖాస్తు దాకా వెళ్లి ఆగిపోయాను. ఆ గదిలో ఒక మూల చాప, ఒక ఉయ్యాల ఉంటే నాలాంటి వాళ్లు ఎంతమంది వచ్చేవాళ్లో!

అన్ని నెలలూ కలిపి చూస్తే ఇప్పుడు సగటున తొమ్మిది వేలకు కాస్త తక్కువ వస్తోంది. మెడ నొప్పి, కళ్ల మంట కూడా వచ్చాయి. రాత్రి హెమ్మింగు మానేశాను.

2025 జూన్‌లో పాప బడికి వెళ్లడం మొదలుపెట్టింది. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. మొదటి రోజు ఆ నాలుగు గంటల తెగని సమయం చేతికి వస్తే ఏం చేయాలో తోచలేదు. పది నిమిషాలకోసారి లేచి లోపలికి వెళ్లి చూసి వస్తూనే ఉన్నాను. అలవాటు.

ఆ నెలలోనే సార్ ఫోన్ చేశారు. మళ్లీ ఆఫీసుకు రమ్మన్నారు, 14,000. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర. ఒంటిగంటకు పాపను ఎవరు తెస్తారు సార్ అంటే, “చూద్దాం” అన్నారు. ఈసారి నేను చూశాను. రెండు దుకాణాల బిల్లులు నెలనెలా ఇంటికి పంపండి, ఖాతాలు ఎక్కించి ఇస్తాను, ఒక్కో దుకాణానికి 2,500 అని చెప్పాను. నాలుగు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. అంటే చివరికి నేను ఇంటి నుంచి డేటా ఎంట్రీయే చేస్తున్నాను. మా మరిదికి చెబితే, “రిజిస్ట్రేషన్ ఎంత కట్టావు వదినా?” అన్నాడు.

మొదటి బిల్లుల సంచి నిన్న వచ్చింది. బీరువా పైఅరలో ఆది జాకెట్ల సంచి పక్కకు జరిపి దానికి చోటు చేశాను. పాప కుర్చీ ఎక్కినా అక్కడికి ఇంకా చెయ్యి అందదు.